వాటా బయటపెట్టండి, వాకిలి కాదు

కంపెనీ రిజిస్టరై వారం తిరగదు, ఫోన్లు మొదలవుతాయి. "సార్, కంగ్రాట్స్! కరెంట్ అకౌంట్ తెరిచారా?" "మేడమ్, ట్రేడ్‌మార్క్ మేం చేయిస్తాం." ఆ వెనకే మెయిళ్ళు. మన వివరాలు ఎవరో అమ్ముకున్నారని అనుమానం వస్తుంది. చాలాసార్లు ఆ నింద ఆడిటర్ గారి మీద పడుతుంది, పాపం. ఆయన అమ్ముకోనక్కర్లేదండీ. కంపెనీ పేరు, చిరునామా, డైరెక్టర్లు ఎవరు అన్నవి కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ (అందరూ ఎంసీఏ అంటారు) తన పోర్టల్లో ఊరందరికీ చూపిస్తుంది. చట్టమే చూపించమంది.

ఈ సంగతి తెలియగానే కొందరు "అయితే నా పేరు ఎక్కడా రాకుండా చూసుకోవాలి" అనుకుంటారు. ఇంకొందరు "ఎలాగూ అంతా బయటే ఉంది, ఇంక దాచేదేముంది" అని వదిలేస్తారు. మొదటి దారి కేసుల దాకా తీసుకెళ్తుంది. రెండో దారిలో ముక్కూమొహం తెలియనివాడు ఓ రోజు మీ ఇంటి గేటు దగ్గర నిలబడతాడు.

మీరు చేయాల్సింది వేరే. కంపెనీ ఎవరిది, ఎవరికెంత వాటా అన్నది పూర్తిగా, నిజంగా, గడువులోగా చెప్పండి. ఆ మనిషి ఏ ఇంట్లో ఉంటాడు, ఏ నంబరుకు చేస్తే పలుకుతాడు, పాన్ ఎంత అన్న వాటిలో మాత్రం చట్టం అడిగినదానికి మించి ఒక్క అక్షరం ఇవ్వకండి.

వాటా ఎందుకు చెప్పాలి అంటారా? కంపెనీ మునిగితే అప్పులవాళ్ళు మామూలుగా మీ ఇంటి మీదికి రాలేరు, చట్టం అడ్డం నిలబడుతుంది. అంత రక్షణ తీసుకుంటున్నప్పుడు, ఎవరితో వ్యాపారం చేస్తున్నామో తెలుసుకునే హక్కు ఎదుటివాళ్ళకు ఉండొద్దూ? మన హైదరాబాద్ కథే చూడండి. 2008 డిసెంబరు 16న సత్యం కంప్యూటర్స్ బోర్డు మేటాస్ పేరున్న రెండు కంపెనీలను 160 కోట్ల డాలర్లకు కొంటామంది. ఆ రెండూ ప్రమోటర్ కుటుంబానివేనని మదుపరులకు తెలుసు. తెలుసు కాబట్టే భగ్గుమన్నారు, గంటల్లోనే ఆ ప్రతిపాదన వెనక్కి పోయింది. 2009 జనవరి 7న లెక్కలన్నీ బూటకమని ఒప్పుకుంటూ సత్యం ఛైర్మన్ రామలింగరాజు లేఖ వచ్చింది. ఆ మేటాస్‌లు ఎవరివో తెలియని పేర్ల చాటున ఉండి ఉంటే, డిసెంబరులో అడిగేవాడెవడు?

ఇక పనిలోకి దిగుదాం.

1. ముందు మిమ్మల్ని మీరే వెతుక్కోండి

ఎంసీఏ పోర్టల్లో 'కంపెనీ మాస్టర్ డేటా' తెరిచి మీ కంపెనీ పేరు కొట్టండి. రిజిస్టర్డ్ ఆఫీసు చిరునామా, మూలధనం, డైరెక్టర్ల పేర్లు, బ్యాంకుకు తాకట్టు పెట్టినవి ఏవైనా ఉంటే అవీ పైసా ఖర్చు లేకుండా కనిపిస్తాయి. తర్వాత 100 రూపాయలు కట్టి 'పబ్లిక్ డాక్యుమెంట్లు' తెరవండి. అసలు కథ అక్కడుంది. ఏటా మీరు వేసిన వార్షిక రిటర్నులు, ఆర్థిక నివేదికలు, కంపెనీ పుట్టినప్పటి మెమొరాండం వరసగా కనబడతాయి. మెమొరాండం చివర సంతకాలు పెట్టినవాళ్ళ పేరు, వృత్తి, చిరునామా కూడా ఉంటాయి. మీ వ్యాపారం గిట్టనివాడు ఆ 100 రూపాయలు కడితే ఏం చూస్తాడో, ఆ కళ్ళతో చూడండి.

ఓ కాగితం తీసుకుని మధ్యలో గీత కొట్టండి. ఎడమవైపు చట్టం అడిగినందుకు ఇచ్చినవి, కుడివైపు మనంతట మనమే ఇచ్చేసినవి రాయండి. కుడివైపు ఎంత పొడుగుందో చూసుకుంటే చాలామందికి గుండె ఝల్లుమంటుంది.

"మొన్న వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది కదా, అది కాపాడదా?" అని అడుగుతారేమో. 2023 నాటి ఆ చట్టం, మరో చట్టం ప్రకారం బయటపెట్టి తీరాల్సిన సమాచారం తనకు వర్తించదని స్పష్టంగా చెప్పింది. కాబట్టి ఎడమవైపు ఉన్నదాని మీద ఆశ పెట్టుకోకండి. మీ చేతిలో ఉన్నది కుడివైపే.

2. ఇంటి గుమ్మాన్ని రిజిస్టర్డ్ ఆఫీసు చేయకండి

కూకట్‌పల్లిలో ఇంటి నుంచే పొడులు, పచ్చళ్ళు అమ్మే ఒకావిడ ఉందనుకోండి. ఆర్డర్లు పెరిగాయి, కంపెనీ పెట్టింది. అద్దె దండగెందుకని ఇంటి అడ్రసే ఇచ్చింది. ఏడాది బాగానే గడిచింది. ఓ రోజు డబ్బు వాపసు రాలేదని అలిగిన కస్టమరొకడు పేరు కొట్టి, చిరునామా చూసుకుని, రాత్రి ఎనిమిదింటికి తలుపు కొట్టాడు. లోపల ఆవిడ, స్కూలుకెళ్ళే పిల్లలు. వాడు చేసిన వెతుకులాటలో చట్టవిరుద్ధమైనదేమీ లేదు. అదే ఇబ్బంది.

ఇల్లు అడ్రసుగా పెట్టుకోవడం తప్పు కాదు, చట్టం ఒప్పుకుంటుంది. కానీ ఒంటరిగా ఉండే ఆడవాళ్ళు, పిల్లలున్నవాళ్ళు, వసూళ్ళు, వివాదాలు ఉండే వ్యాపారం చేసేవాళ్ళు మరోసారి ఆలోచించండి. చిన్న గది అద్దెకు తీసుకోవచ్చు. కో-వర్కింగ్ చోటైనా సరిపోతుంది, యజమాని అంగీకార పత్రం, రెండు నెలలకు మించి పాతది కాని కరెంటు బిల్లులాంటిది ఇస్తే. అదే ఊళ్ళో మారేటట్టయితే బోర్డు తీర్మానం చేసి 30 రోజుల్లో ఐఎన్‌సీ-22 ఫారం వేయాలి. ఊరు దాటితే ప్రత్యేక తీర్మానం, ఇంకాస్త తతంగం.

ఇక్కడ అందరూ చేసే తప్పొకటుంది. నెలకు కొన్ని వందలకే 'వర్చువల్ ఆఫీసు' దొరుకుతుందని కాగితం మీద అడ్రసు కొనుక్కుంటారు. అక్కడ ఉత్తరం అందుకునేవాడుండడు, బోర్డుండదు. రిజిస్టర్డ్ ఆఫీసులో ఉత్తరాలు, నోటీసులు తీసుకుని సంతకం పెట్టే ఏర్పాటు ఉండాలన్నది చట్టం. కంపెనీల రిజిస్ట్రార్‌కు అనుమానమొస్తే మనిషిని పంపి చూసుకోవచ్చు, అక్కడ కంపెనీ ఆనవాలు లేకపోతే పేరు కొట్టేసే చర్య మొదలుపెట్టొచ్చు. ఇల్లు దాచబోయి కంపెనీనే పోగొట్టుకుంటారా? గుమ్మం బయట కంపెనీ పేరు, చిరునామాతో బోర్డు ఉండాలి, స్థానిక భాషలో కూడా. అంటే మన దగ్గర తెలుగులో. హైటెక్ సిటీలో ఎన్ని గాజు మేడల్లో ఈ నిబంధన పాటిస్తున్నారో మీరే ఓసారి తల పైకెత్తి చూడండి.

ఒక పరిమితి మాత్రం ఒప్పుకోవాలి. మొదట్లో మెమొరాండంలో రాసిన సొంత చిరునామా ఆ పాత కాగితంలో అలాగే ఉండిపోతుంది. బ్రిటన్‌లో డైరెక్టరు ఇంటి చిరునామా రిజిస్ట్రార్ దగ్గర గుట్టుగా ఉంటుంది, లోకానికి ఉత్తరాలు అందుకునే వేరే చిరునామా కనిపిస్తుంది. మన దగ్గరా ఆ పద్ధతి రావాలని నా గట్టి అభిప్రాయం. ఈలోగా కంపెనీ కొత్తగా పెట్టబోయేవాళ్ళు ఆ పేజీ నింపే ముందే ఇదంతా తెలుసుకుని ఉండటం మేలు.

3. కంపెనీకి వేరే ఫోను, వేరే మెయిలు

చిన్న పని, ఈరోజే అయిపోతుంది. కంపెనీ లెటర్‌హెడ్ మీద, బిల్లుల మీద ఫోన్ నంబరు, ఈమెయిల్ ఉండాలని చట్టమే అంటోంది. బ్యాంకు ఓటీపీలు వచ్చే నంబరును అక్కడ అచ్చేయిస్తారా? కొత్త సిమ్ కొనండి, కంపెనీ పేరు మీద మెయిల్ తెరవండి. ఫారాలన్నిట్లో అవే ఇవ్వమని ఆడిటర్ గారికి ముందే చెప్పండి. లేకపోతే ఆయన హడావుడిలో ఉన్నదేదో ఇచ్చేస్తారు.

4. అడగని కాగితం జతచేయకండి

మన కంపెనీల్లో ఓ అలవాటుంది. ఏ ఫారానికైనా చేతికందినవన్నీ స్కాన్ చేసి తగిలిస్తారు. వాటాదారుల జాబితా అడిగితే పేరు, షేర్ల సంఖ్యతో ఆగరు. మొబైల్, పాన్, ఇంటి అడ్రసు, ఒక్కోసారి పుట్టినతేదీ కూడా చేర్చి ఎక్సెల్ షీటు పెట్టేస్తారు. నిరుడు చేసిన షీటునే ఈ ఏడూ, వచ్చే ఏడూ. వార్షిక రిటర్నుతో పాటు వెళ్ళింది ఎవరైనా చూడొచ్చు.

మీ కంపెనీ సెక్రటరీని రెండు ప్రశ్నలు అడగండి: ఈ ఫారానికి ఈ కాగితం తప్పనిసరా? తప్పనిసరైతే ఇందులో ఏ గడులు తీసేయొచ్చు? గుర్తింపు పత్రంగా ఆధార్ ఒక్కటే అక్కర్లేనిచోట వేరేది ఇవ్వండి. ఆధారే ఇవ్వాల్సొస్తే చివరి నాలుగంకెలు మాత్రమే కనిపించే 'మాస్క్‌డ్ ఆధార్' చెల్లుతుందేమో కనుక్కోండి. ఆధార్ సంస్థ ఉడాయ్ సైటు నుంచి దించుకోవచ్చు.

వ్యాపార రహస్యాలదీ ఇదే దారి. పెట్టుబడిదారుతో కుదిరిన ఒప్పందాన్ని మొత్తంగా ఆర్టికల్స్‌లోకి (కంపెనీ నడిచే నియమావళిలోకి) ఎక్కిస్తే మీ పోటీదారు 100 రూపాయలకు చదువుకుంటాడు. అలాగని మొత్తం బయటే ఉంచేస్తే కుదరదు. షేర్లు ఎవరికి అమ్మొచ్చు, ఎవరికి అమ్మకూడదన్న షరతు ఆర్టికల్స్‌లో లేకపోతే కంపెనీని కట్టిపడేయదని వి.బి. రంగరాజ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. కంపెనీకి వర్తించాల్సిన షరతులు ఆర్టికల్స్‌లో పెట్టండి, ధరలు, లెక్కలు ఒప్పందంలో ఉంచండి.

5. "బామ్మర్దీ, ఉత్తినే నీ పేరు మీద పెడతా"

ఈ అధ్యాయంలో ఒక్క పేజీయే చదివే తీరికుంటే ఇది చదవండి.

రాజమండ్రిలో ఓ పెద్దమనిషి ఉన్నాడనుకుందాం. ఉద్యోగంలో ఉండగానే వ్యాపారం మొదలుపెట్టాలి, పేరు బయటికి రాకూడదు. బావమరిదిని పిలిచాడు.

"ఉత్తినే కాగితం మీద రా. ఇరవై శాతం నీ పేరు, డైరెక్టరూ నువ్వే. డబ్బు నేను పెడతా."

"నాకేం ఇబ్బంది లేదుగా బావా?"

"ఏముంటుంది? సంతకాలే."

ఆ 'సంతకాలే' అన్న మాట దగ్గర ఆగండి. రిజిస్టర్‌లో పేరు ఒకరిది, లాభం మరొకరిది అయినప్పుడు ఇద్దరూ కంపెనీకి రాసివ్వాలని కంపెనీల చట్టం 89వ సెక్షన్ చెబుతోంది. పేరున్నవాడు ఎంజీటీ-4 ఫారం, అసలు హక్కుదారు ఎంజీటీ-5, ఇద్దరికీ గడువు 30 రోజులే. అవి అందిన 30 రోజుల్లో కంపెనీ ఎంజీటీ-6 రిజిస్ట్రార్‌కు పంపాలి. అలా రాసివ్వకపోతే? జరిమానా ఎలాగూ ఉంది. అంతకంటే పెద్దది, ఆ షేర్ల మీద అసలు యజమాని తన హక్కును అడిగి తెచ్చుకోలేడు. రేపు బావమరిది "ఈ షేర్లు నావే" అంటే పెద్దాయన కోర్టుకెళ్ళి చెప్పుకునే దారి మూసుకుపోతుంది. తమ్ముడిలాంటివాడు అలా అనడనుకుంటారు. ఆస్తి పంపకాలప్పుడు ఎవరేమంటారో మనం చూడని ఊరుందా?

బినామీ చట్టం సంగతి వేరే. తెలిసిన, లెక్క చూపగల ఆదాయంతో భార్య పేరున, పిల్లల పేరున కొన్నదానికి అందులో మినహాయింపుంది. బావమరిదికి లేదు. ఆస్తి జప్తు, ఏడేళ్ళ దాకా జైలు.

ఇక పేరిచ్చినవాడి పక్షాన చూద్దాం. వరసగా మూడేళ్ళు ఆర్థిక నివేదికలో రిటర్నులో వేయకపోతే ఆ కంపెనీ డైరెక్టర్లు ఐదేళ్ళపాటు డైరెక్టరుగా పనికిరారు. ఉన్న కంపెనీల సంగతీ చిక్కులో పడుతుంది. 2017లో ఈ కారణంతో 3 లక్షలకు పైగా డైరెక్టర్లు అనర్హులయ్యారు. మొహమాటానికి సంతకం చేసిన బావమరిది, తర్వాత తన సొంత వ్యాపారం మొదలుపెట్టబోతే పోర్టల్ ఒప్పుకోదు.

అందుకని ఎవరైనా "నీ పేరు ఇవ్వు" అని అడిగితే "ఎంజీటీ-4 నేను వేస్తా, ఎంజీటీ-5 నువ్వు వేస్తావా?" అని అడగండి. ఆ మాటకే సగం బేరాలు అక్కడ ఆగిపోతాయి. మొహమాటం ఎక్కువుంటే నెపం నా మీద పెట్టేయండి, "ఏదో పుస్తకంలో చదివాను" అనండి.

6. పైన మరో కంపెనీ ఉందా? అయితే ఇంకో ఫారం

విజయవాడలో ఓ కుటుంబానికి రెండు కంపెనీలున్నాయి. మొదటిదాంట్లో తండ్రికి 60 శాతం. ఆ మొదటి కంపెనీకి రెండోదాంట్లో 30 శాతం. రెండో కంపెనీ సభ్యుల రిజిస్టర్‌లో తండ్రి పేరు ఎక్కడా కనిపించదు, కానీ ఆ వాటా పగ్గం ఆయన చేతిలోనే ఉంది. ఇలా పరోక్షంగా 10 శాతం, ఆపైన ఉన్న మనిషి బెన్-1 ఇవ్వాలి, కంపెనీ బెన్-2 వేయాలి, ఒక్కోదానికి 30 రోజులు. 2018లో నిబంధనలు వచ్చాయి, 2019లో సవరించారు. ఉమ్మడి కుటుంబం వాటా అయితే కర్త, భాగస్వామ్య సంస్థదైతే భాగస్వామి ముందుకు రావాలి.

ఇక్కడ అనవసరంగా కంగారుపడేవాళ్ళూ ఉన్నారు. మీ షేర్లన్నీ నేరుగా మీ పేరుమీదే ఉంటే బెన్ ఫారాల పని లేదు. మీ పేరు రిజిస్టర్‌లో కనబడుతూనే ఉందిగా.

షేర్లు లేకపోయినా అదుపు ఉంటే చాలు, ఈ నిబంధన తగులుకుంటుంది. 2024 మేలో ఢిల్లీ, హర్యానా రిజిస్ట్రార్ లింక్డ్‌ఇన్ ఇండియా విషయంలో ఇచ్చిన ఉత్తర్వు ఆ మాటే అంది. మైక్రోసాఫ్ట్ అధిపతి, మన హైదరాబాద్‌లో పుట్టిన సత్య నాదెళ్ళను, లింక్డ్‌ఇన్ అధిపతిని ఆ కంపెనీకి అసలు హక్కుదారులుగా లెక్కగట్టి, తెలియజేయనందుకు చెరో 2 లక్షల జరిమానా వేసింది. కంపెనీకి, మిగతావాళ్ళకు కలిపి మొత్తం 27 లక్షలు దాటింది. అంత పెద్ద సంస్థల లాయర్ల బలగానికే తగిలిన దెబ్బ, మనలాంటివాళ్ళం ఏడాదికోసారి ఆడిటర్‌ను అడిగి చూసుకోవడం మంచిది కదా?

బెన్-3 అనే రిజిస్టర్, అంటే వెనకున్న అసలు హక్కుదారుల పట్టీ, కంపెనీ సభ్యులే వచ్చి చూడొచ్చు, దారినపోయేవాడు చూడలేడు. ప్రభుత్వానికి అంతా తెలియాలి, తోటి వాటాదారులకు తెలియాలి, బయటివాళ్ళకు అంత అవసరం లేదన్న ఆలోచన అది. నా మటుకు నాకు ఈ గీత సబబుగానే గీశారనిపిస్తుంది. కానీ విలేకరికి, అవినీతి మీద పనిచేసేవాళ్ళకు కూడా తలుపు మూసేయడం మాత్రం నచ్చదు.

7. ఎవరైనా వచ్చి "మీ సభ్యుల రిజిస్టర్ చూపించండి" అంటే

కంగారుపడకండి, గదమాయించకండి. సభ్యులు ఉచితంగా చూడొచ్చు. సభ్యులు కానివాళ్ళు కూడా ఫీజు కట్టి చూడొచ్చు, ఒకసారికి 50 రూపాయలకు మించకూడదు. నకళ్ళు కావాలంటే పేజీకి 10 రూపాయల లోపు, ఏడు రోజుల్లో ఇవ్వాలి. "రేపు రా" అని తిప్పితే రోజుకు 1000 చొప్పున లక్ష దాకా జరిమానా, కంపెనీకీ బాధ్యులైన అధికారులకూ.

కానీ 2022 ఏప్రిల్లో వచ్చిన సవరణ సంగతి చాలామంది చూసుకోలేదు. సభ్యుల చిరునామా, ఈమెయిల్, పాన్, గుర్తింపు సంఖ్య ఈ తనిఖీలో చూపించకూడదు. అందుకని ఆ నాలుగూ లేని నకలు ముందే ఒకటి తయారుచేసి పెట్టుకోండి. అడిగినవాళ్ళ దగ్గర రాతపూర్వకంగా దరఖాస్తు తీసుకోండి, పనివేళల్లో కనీసం రెండు గంటలు వీలు చూపించండి, ఆ నకలు ముందు పెట్టండి. మీ క్లర్కుకూ చెప్పి ఉంచండి, లేకపోతే మీరు ఊళ్ళో లేని రోజు అతను అసలు పుస్తకమే తెచ్చి బల్ల మీద పెడతాడు.

8. విదేశంలో కంపెనీ ఉంటే

డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఎల్ఎల్‌సీ నడుపుతున్న మనవాళ్ళు 2024లో అసలు యజమాని వివరాలు ఫెడరల్ ప్రభుత్వానికి ఇవ్వాలని హడావుడిపడ్డారు. 2025 మార్చిలో అమెరికాలోనే ఏర్పడిన కంపెనీలకు ఆ బాధ్యత తీసేశారు. ఇప్పటికీ ఫీజు కట్టమంటూ సర్కారీ ముద్రలతో వచ్చే ఉత్తరాలను నమ్మకండి, మోసగాళ్ళు ఇలాంటివి పంపుతున్నారని అక్కడి ప్రభుత్వ శాఖే హెచ్చరించింది. బ్రిటన్‌లో 25 శాతం మించిన వాటా ఉంటే మీ పేరు 2016 నుంచి అందరికీ కనిపిస్తుంది, ఇంటి చిరునామా, పుట్టిన రోజు మాత్రం కనిపించవు, నెల, సంవత్సరం చూపిస్తారు. యూరప్‌లో 2022 నవంబరు 22న ఈయూ కోర్టు అసలు యజమానుల వివరాలు ప్రతివాళ్ళకూ తెరిచిపెట్టడం చెల్లదంది, తగిన కారణం ఉన్నవాళ్ళకే అన్న వైపు అక్కడి దేశాలు మళ్ళాయి.

9. తప్పుకున్నాక పేరు తీయించుకోండి

స్నేహితుడి కంపెనీలో డైరెక్టరుగా ఉండి మానేశారు. రాజీనామా వాట్సాప్‌లో పంపారు, ఆయన "సరే" అన్నాడు. మూడేళ్ళయినా పోర్టల్లో మీ పేరు అలాగే ఉంది, ఇంకో నాలుగు వెబ్‌సైట్లు దాన్ని ఎత్తి రాసుకున్నాయి. ఆ వెబ్‌సైట్లకు మెయిళ్ళు పెట్టి ఏం లాభం? మూలం మారితేనే అవి మారతాయి.

రాజీనామా కంపెనీ అధికారిక మెయిల్‌కు, రిజిస్టర్డ్ ఆఫీసుకు పోస్టులో కూడా పంపి, రశీదు దాచుకోండి. కంపెనీ 30 రోజుల్లో డీఐఆర్-12 ఫారం వేయాలి. వేయకపోతే, మీరే నేరుగా రిజిస్ట్రార్‌కు డీఐఆర్-11 వేసుకోవచ్చు, ఎవరి దయా అక్కర్లేదు. నెల తర్వాత పోర్టల్లో మీ పేరు పక్కన రాజీనామా తేదీ పడిందో లేదో చూసుకోండి. పడకపోతే ఆ రశీదు పట్టుకుని ఓ కంపెనీ సెక్రటరీ దగ్గరికి వెళ్ళండి.